పాత పెళ్లి వీడియో ఒక ఇంట్లో ఆడి మరో ఇంట్లో ఆడదెందుకు?

పెట్టె అడుగున పడి ఉన్న పెళ్లి క్యాసెట్‌ను బయటికి తీసి, ఊళ్లో ఇంకా వీసీఆర్ ఉంచుకున్న స్టూడియోను వెతికి పట్టుకుని, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తెచ్చుకోవడం ఇప్పుడు చాలా కుటుంబాల్లో జరుగుతున్న పని. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. స్టూడియో కంప్యూటర్‌లో చక్కగా నడిచిన ఫైలును ఇంటి ల్యాప్‌టాప్‌లో పెడితే సన్నాయి వినిపిస్తుంది గాని బొమ్మ రాదు. వేరే ఊళ్లో ఉన్న అమ్మాయి మ్యాక్‌లో అది అసలు తెరుచుకోదు. టీవీకి గుచ్చితే ఈ ఫార్మాట్ సపోర్ట్ చేయనంటుంది. ఫోన్‌లో తెరుచుకున్నా పెళ్లికొడుకు ముఖం సన్నగా సాగి కనిపిస్తుంది, ఎవరు చెయ్యి కదిపినా అంచుల్లో అడ్డగీతలు చీలుతాయి. ఇంట్లోవాళ్లు రెండు తీర్పుల్లో ఒకటి చెప్పేస్తారు: క్యాసెట్ పాతబడి పాడైందని, లేదా స్టూడియో వాళ్లు సరిగా ఎక్కించలేదని. ఒక్కోసారి ఆ మాట నిజం కావచ్చు. అయితే పైన చెప్పిన లక్షణాల్లో ఏ ఒక్కటీ ఫైలు చెడిందనడానికి రుజువు కాదు. తనలో ఏముందో, దాన్ని ఎలా చూపాలో ఫైలు చెబుతుంది. ఆ చెప్పినదాన్ని కొన్ని యంత్రాలు పూర్తిగా చదవగలవు, కొన్ని చదవలేవు, కొన్ని సగం చదివి మిగతాది తమకు తోచినట్టు చూపిస్తాయి. కాబట్టి మొదట సరిచేయాల్సింది చదివే తీరును. ఫైలు జోలికి పోవడం ఆఖరి పని. ఈ వరుస తలకిందులై, తొందరపడి ఫైలును మార్చి పాతదాన్ని చెరిపేసినప్పుడే నిజమైన నష్టం జరుగుతోంది.

వీడియో ఫైలు పేరు చివర ఉండే ఏవీఐ, ఎంఓవీ, ఎంపీ4, ఎంకేవీ అనేవి డబ్బా పేర్లు మాత్రమే. వంటింట్లో డబ్బా మీద ఎప్పుడో అంటించిన చీటీని చూసి లోపల ఇవాళ ఏ పప్పు ఉందో చెప్పలేనట్టే, ఈ అక్షరాలు చూసి లోపలి సరుకును చెప్పలేం. లోపల కనీసం రెండు ప్రవాహాలుంటాయి: ఒకటి బొమ్మది, మరొకటి శబ్దానిది. ఒక్కోదాన్ని ఒక్కో పద్ధతిలో కుదించి దాస్తారు; ఆ పద్ధతే కోడెక్. మైక్రోసాఫ్ట్ 1992లో తెచ్చిన ఏవీఐలో డీవీ అనే క్యామ్‌కార్డర్ పద్ధతి సరుకు ఉండొచ్చు, సీడీల కాలంలో అందరూ వాడిన ఎక్స్‌విడ్ ఉండొచ్చు, ఇప్పుడెవరికీ గుర్తులేని మరేదో పద్ధతి కూడా ఉండొచ్చు. ఫైలును తెరవడం ఒక పని, లోపలి రెండు ప్రవాహాలను విప్పడం మరో రెండు పనులు. సన్నాయి వినిపించి బొమ్మ రాలేదంటే ఫైలు తెరుచుకుందనీ, శబ్దాన్ని విప్పే సాధనం ఆ కంప్యూటర్‌లో ఉందనీ, బొమ్మను విప్పేది మాత్రం లేదనీ అర్థం. బొమ్మ కదులుతూ మాట వినిపించకపోతే సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. డీవీడీల నుంచి తీసిన ఫైళ్లలో తరచూ ఉండే ఏసీ-3 శబ్దాన్ని చాలా ఫోన్లు విప్పలేవు, కొన్ని టీవీలదీ అదే పరిస్థితి. ఫైలు పేరు చివర ఏవీఐ తీసేసి ఎంపీ4 అని రాస్తే సరిపోతుందనే సలహా ఎందుకు పనిచేయదో కూడా ఇక్కడే తెలుస్తుంది.

మరి విప్పే సాధనం ఒక కంప్యూటర్‌లో ఉండి మరోదానిలో ఎందుకు ఉండదు? ఇందులో సైన్సు కన్నా వ్యాపార నిర్ణయాలదే ఎక్కువ పాత్ర. డీవీడీలు వాడే ఎంపెగ్-2 పద్ధతికి పేటెంట్ రుసుములు ఉండేవి. విండోస్ 7లో చాలా ఎడిషన్లు ఆ సాధనంతో కలిసే వచ్చాయి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డీవీడీలు ఆడించే సౌకర్యాన్ని మామూలు ఎడిషన్లలోంచి తీసేశారు. హెచ్.265 అనే కొత్త పద్ధతిని విప్పే సాధనాన్ని మైక్రోసాఫ్ట్ తన స్టోర్‌లో విడిగా డబ్బుకు అమ్ముతుంది. విండోస్‌లో తన క్విక్‌టైమ్ ప్లేయర్‌కు ఆపిల్ మద్దతు ఆపేసింది. అందులో భద్రతా లోపాలు బయటపడడంతో దాన్ని కంప్యూటర్లలోంచి తీసేయమని 2016లో అమెరికా ప్రభుత్వమే సలహా ఇచ్చింది. మ్యాక్‌లలో 2019 నాటి కాటలీనా పాత 32-బిట్ సాఫ్ట్‌వేర్‌ను వదిలేసినప్పుడు, దానితోపాటు సినీప్యాక్, సోరెన్సన్ వంటి పాత కోడెక్‌లూ పోయాయి. అంతకు ముందు రోజు వరకు ఆడిన ఫైలు అప్‌డేట్ చేసిన మర్నాడు ఆడలేదు. ఆ రాత్రి ఫైల్లో ఒక్క బైటు కూడా మారలేదు. లోపం చదివే యంత్రంలోనే ఉందనడానికి ఇంతకంటే సూటైన రుజువు అక్కర్లేదు.

అందువల్ల మొదటి పరీక్ష వీఎల్‌సీతో చేయాలి. ప్యారిస్ శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టి, 2001 నుంచి అందరికీ ఉచితంగా అందుతున్న ఈ ప్లేయర్ విండోస్ మీదో మ్యాక్ మీదో పెద్దగా ఆధారపడకుండా విప్పే సాధనాలను తనతోనే తెచ్చుకుంటుంది. వాటిలో ఎక్కువ భాగం ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవి. వీఎల్‌సీలో మొదటి నుంచి చివరి వరకు ఆడిందంటే ఫైలు బాగానే ఉన్నట్టు. లోపల ఏముందో తెలుసుకోవాలంటే మీడియాఇన్ఫో అనే చిన్న ప్రోగ్రామ్ చాలు. డబ్బా ఏది, బొమ్మ కోడెక్ ఏది, శబ్దం ఏది, వరుసలెన్ని, సెకనుకు ఫ్రేములెన్ని అన్నీ ఒక్క పేజీలో చూపుతుంది. వైద్యుడు మందు రాసే ముందు చేయించే పరీక్ష స్థానం దీనిది, కానీ చాలామంది దీన్ని దాటేసి నేరుగా కన్వర్టర్ల వేటలో పడతారు. కోడెక్ ప్యాక్ పేరుతో దొరికేవాటిని ఎడాపెడా ఇన్‌స్టాల్ చేయడమూ మంచిది కాదు. ఒకదానితో ఒకటి పొసగక, అంతకుముందు ఆడిన ఫైళ్లు కూడా ఆగిపోయే పరిస్థితి వస్తుంది.

తెరుచుకుని కూడా వికారంగా కనిపించే ఫైళ్ల కథ వేరు. దాని మూలం టీవీ పుట్టుకలోనే ఉంది. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, ఫ్రేముకు 625 వరుసలు. వాటిలో బొమ్మకు పనికొచ్చేవి 576. సెకనుకు 25 సార్లే వెలిగితే పాత గాజు టీవీలో తెర రెపరెపలాడినట్టు ఉండేది. సెకనుకు 50 పూర్తి బొమ్మలు పంపడానికి ప్రసార తరంగాల్లో చోటు లేదు. అందుకని ఇంజనీర్లు ఫ్రేమును రెండు సగాలు చేశారు. మొదట బేసి వరుసలు, తర్వాత సరి వరుసలు, అలా సెకనుకు 50 అర ఫ్రేములు. ఇందులో అసలు గమనించాల్సింది ఏమిటంటే, ఈ రెండు సగాలూ ఒకే క్షణానివి కావు. వాటి మధ్య సెకనులో యాభయ్యో వంతు తేడా ఉంది. తలంబ్రాలు పోసే చెయ్యి ఆ కాసింత సమయంలోనే జరిగిపోతుంది. గాజు టీవీ ఒక సగం చూపి, అది ఆరిపోతుండగా రెండోది చూపేది కాబట్టి కంటికి కదలిక నున్నగా కనిపించేది. కంప్యూటర్ తెర, ఫోన్ తెర అలా చేయవు. రెండు సగాలనూ కలిపి ఒకే బొమ్మగా పెడతాయి. చెయ్యి ఒక వరుసలో ఒకచోట, పక్క వరుసలో మరోచోట ఉండటం వల్ల అంచు చీలుతుంది. కదలకుండా కూర్చున్న పురోహితుడి దగ్గర ఏ గీతా ఉండదు, కదిలినవాటి దగ్గరే ఉంటుంది. గీతలు టేపు పాడవడం వల్ల వచ్చాయా, ఈ కారణంగా వచ్చాయా అని తేల్చుకోవడానికి ఇదే గుర్తు.

పాడైపోయిందనిపించే ఆ గీతల్లో నిజానికి సెకనుకు 50 వేర్వేరు క్షణాల సమాచారం భద్రంగా ఉంది. వీఎల్‌సీలో డీఇంటర్‌లేస్ అనే మీట ఆన్ చేసి, యాడిఫ్ 2ఎక్స్ పద్ధతి ఎంచుకుంటే ప్రతి అర ఫ్రేమూ పూర్తి ఫ్రేముగా మారి, పాత టీవీలో ఉన్న నునుపు తిరిగి వస్తుంది. ఫైలు ముట్టుకోనక్కర్లేదు. కదలిక ముందుకు వెనక్కు ఊగుతున్నట్టు ఉంటే ఏ సగం ముందో ఏది వెనకో ప్లేయర్ తప్పుగా అనుకుందన్నమాట. డీవీ ఫైళ్లలో సరి వరుసల సగం ముందొస్తుంది, డీవీడీలలో మామూలుగా బేసి వరుసల సగం ముందొస్తుంది. ఒకదానిలోంచి మరొకదానిలోకి మార్చేటప్పుడు ఈ ఒక్క గుర్తు పొరపాటు పడితే చాలు, బారాత్ అంతా కుదుపులే. దీన్ని కూడా గుర్తు మార్చి సరిచేయవచ్చు. సరిచేయలేనిది ఒకటుంది. సగాలను విడదీయకుండానే బొమ్మను చిన్నదో పెద్దదో చేసి మళ్లీ కుదిస్తే, పక్కపక్క వరుసలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ గీతలు ఇక బొమ్మలో భాగం, ఏ సాఫ్ట్‌వేరూ వాటిని శుభ్రంగా తీయలేదు. గీతలు చూసి భయపడి ఏదో ఒక కన్వర్టర్‌లో వేసిన ఫైళ్లకు ఎక్కువగా పట్టే గతి ఇదే.

ముఖాలు సన్నబడటం కూడా లెక్కే. పాల్ ఫైలులో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి. భాగిస్తే 1.25. టీవీ తెర నిష్పత్తి నాలుగుకు మూడు, అంటే 1.33. అప్పటి చుక్కలు చదరం కావు, అడ్డంగా కాస్త వెడల్పైనవి. ఆ సంగతి ఫైలులో ఒక చిన్న గుర్తుగా రాసి ఉంటుంది; దాన్ని పట్టించుకోని ప్లేయర్ ప్రతి చుక్కనూ చదరంగా చూపి మనుషులను సన్నబరుస్తుంది. అమెరికాలో వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో 720, 480. అక్కడ నిష్పత్తి 1.5 కాబట్టి గుర్తును వదిలేస్తే మనుషులు లావవుతారు. విజయవాడలో తీసిన పెళ్లి క్యాసెట్, న్యూజెర్సీలో క్యామ్‌కార్డర్‌తో తీసిన బారసాల క్యాసెట్ ఒకే పెన్‌డ్రైవ్‌లోకి చేరితే ఒకదానిలో బంధువులంతా చిక్కిపోయి, రెండోదానిలో ఒళ్లు చేసి కనిపిస్తారు. రెండింటికీ కారణం ఒకటే, రెండింటికీ విరుగుడు ఒకటే: నిష్పత్తిని నాలుగుకు మూడుగా పెట్టడం. ఇంకొకటి. బొమ్మ అడుగున నాలుగైదు వరుసలు చిరిగినట్టు వణుకుతూ ఉంటే అది కొత్తగా వచ్చిన జబ్బు కాదు. వీసీఆర్‌లో తిరిగే హెడ్లు ఒకదాని నుంచి మరోదానికి మారే చోట వీహెచ్ఎస్ టేపు మీద మొదటి నుంచీ ఆ చిరుగు ఉంది. పాత టీవీలు బొమ్మ అంచులను చట్రం వెనక్కి నెట్టేసేవి కాబట్టి మనకు కనపడలేదు. కంప్యూటర్ అంచు వరకూ చూపుతుంది.

మాటకూ పెదవికీ పొంతన తప్పితే మొదట చూడాల్సింది ఆ తేడా మొదటి నుంచి చివరి వరకు ఒకేలా ఉందా, పోనుపోను పెరుగుతోందా అన్నది. ఒకేలా ఉంటే విండోస్‌లో వీఎల్‌సీ నడుస్తుండగా జె, కె మీటలు నొక్కి శబ్దాన్ని వెనక్కో ముందుకో జరిపితే సరి. పెరుగుతోందంటే రికార్డు చేసేటప్పుడు బొమ్మను ఒక పరికరమూ శబ్దాన్ని మరొకటీ తీసుకుని ఉంటాయి, రెండింటి గడియారాలూ సరిగ్గా ఒకటే వేగంతో నడిచి ఉండవు. వెయ్యిలో ఒక వంతు తేడా ఉన్నా గంట తిరిగేసరికి మాట 3.6 సెకన్లు తప్పిపోతుంది. మంగళసూత్రం పడ్డాక మేళం మోగుతుంది. శబ్దాన్ని ఆ నిష్పత్తిలో సాగదీస్తే ఇది పూర్తిగా కుదురుతుంది, బొమ్మను ముట్టుకోనక్కర్లేదు. అక్కడక్కడా ఒక్కసారిగా తప్పిపోతుంటే మాత్రం టేపు బలహీనంగా ఉన్నచోట పరికరం కొన్ని ఫ్రేములు వదిలేసిందని అనుమానించాలి.

నిజంగా చెడిన ఫైళ్లూ లేకపోలేదు. ఎంపీ4లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక చాలాసార్లు ఫైలు చివర ఉంటుంది. కాపీ పూర్తికాకుండానే పెన్‌డ్రైవ్ లాగేస్తే ఆ సూచిక రాదు, సమాచారం చాలావరకు ఉన్నా ఫైలు తెరుచుకోదు. పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ మించిన ఫైలు పట్టదు. డీవీ ఫైలు గంటకు సుమారు 13 జీబీ. డీవీడీ విషయంలో బొమ్మను దాదాపు ఒక్కో జీబీ ముక్కలుగా చేసి ఒక ఫోల్డర్‌లో పెడతారు. వాటిలో ఒక్క ముక్కనే కాపీ చేసుకుని పెళ్లి సగంలో ఆగిపోయిందనుకోవడం తరచూ జరుగుతుంది. వీటన్నిటికీ మళ్లీ జాగ్రత్తగా కాపీ చేసి, రెండు చోట్లా సైజు సరిగ్గా ఒకటేనా అని చూసుకోవడమే మందు.

ఇంత తతంగం ఎందుకు, అన్నిటినీ ఎంపీ4లోకి మార్చేసి పాతవి తీసేస్తే పోతుంది కదా అనేవాళ్లున్నారు. సగం ఒప్పుకోవాల్సిన మాట ఇది. ఇంటిల్లిపాదీ చూడటానికి ఎక్కడైనా ఆడే కాపీ ఒకటి ఉండి తీరాలి. అమ్మమ్మను వీఎల్‌సీలో మీటలు నొక్కమనలేం. ఆ కాపీలో బొమ్మకు హెచ్.264, శబ్దానికి ఏఏసీ వాడాలి. సగాలను విడదీసి సెకనుకు 50 ఫ్రేములు చేయాలి. చుక్కలను చదరం చేసి 768, 576 కొలతకు తేవాలి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇవన్నీ చేస్తుంది. హెచ్.264 నే ఎందుకంటే 2003లో ప్రమాణంగా వచ్చిన ఆ పద్ధతిని విప్పే చిప్పు ఇప్పుడు దాదాపు ప్రతి ఫోన్‌లో, టీవీలో ఉంది. హెచ్.265, ఏవీ1 ఇంకా తక్కువ చోటులో దాస్తాయి, నిజమే. కానీ గంట పాత వీడియోకు సెకనుకు 3 మెగాబిట్లు ఇచ్చినా ఫైలు 1.35 జీబీయే. అందులో సగం మిగుల్చుకోవడానికి నలుగురు బంధువుల ఇళ్లలో ఆడకుండా చేసుకోవడం లాభసాటి బేరం కాదు.

ఒప్పుకోలేనిది ఆ రెండో సగం, పాతవి తీసేయడం. ఈ పద్ధతులన్నీ కంటికి ఆననిదని తాము లెక్కవేసిన సమాచారాన్ని పారేసి ఫైలును చిన్నది చేస్తాయి. ప్రతి మార్పిడిలో మరికొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. 2000 ప్రాంతంలో మన స్టూడియోలు ఇచ్చిన పెళ్లి వీసీడీలే ఇందుకు సాక్ష్యం. సీడీలో పట్టించడానికి బొమ్మను 352, 288కి కుదించారు. 576 వరుసలు సగమయ్యాయి, సెకనుకు 50 క్షణాలు 25 అయ్యాయి. ఆ రోజుల్లో అందరికీ అది బాగానే అనిపించింది. తర్వాత క్యాసెట్‌ను పారేసిన ఇళ్లలో ఇప్పుడు అంతకు మించి రాబట్టే దారి లేదు. ఇవాళ మనకు తెలివైనదిగా తోచే మార్పిడి ఇరవై ఏళ్ల తర్వాత ఎలా ఉంటుందో కూడా అలాగే ఆలోచించాలి. డబ్బా ఒక్కటే అడ్డమైనప్పుడు మార్పిడి అవసరమే లేదు. లోపలి ప్రవాహాలను ఉన్నవి ఉన్నట్టు మరో డబ్బాలోకి సర్దవచ్చు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆ పని నిమిషాల్లో చేస్తుంది, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. తెలియని కన్వర్టర్ గంటసేపు తిరిగి అదే పనిని నష్టంతో చేస్తుంది.

యూట్యూబ్‌లో పెట్టుకుంటే చాలదా అన్న ప్రశ్నకూ జవాబు ఇదే. అక్కడికెక్కిన ప్రతి వీడియోనూ మళ్లీ కుదిస్తారు, వాట్సాప్‌లో పంపినది ఇంకా ఎక్కువ నలుగుతుంది. పంచుకోవడానికి అవి మంచివే, దాచుకోవడానికి కావు. మూల ఫైలు పెద్దదనే అభ్యంతరం ఒకప్పుడు గట్టిది. రెండు గంటల క్యాసెట్ డీవీలో 26 జీబీ. ఇప్పుడు మామూలు హార్డ్‌డిస్క్‌లో అలాంటివి పదుల కొద్దీ పడతాయి, రెండు డిస్క్‌లలో రెండు ప్రతులు ఉంచినా ఖర్చు పెళ్లి ఆల్బమ్ కన్నా తక్కువే. ఆ మూల ఫైలును రేపు ఎవరు చదువుతారన్నది మరింత న్యాయమైన సందేహం. దీనికి అభిలేఖాగారాలు కనుగొన్న దారి, పద్ధతి మొత్తం బహిరంగంగా రాసి ఉన్నవాటినే ఎంచుకోవడం. ఒక్క చుక్క కూడా పోకుండా దాచే ఎఫ్ఎఫ్‌వీ1 కోడెక్ వివరణను 2021లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ప్రచురించింది, దాన్ని ఎంకేవీ డబ్బాలో ఉంచే సంస్థలు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో డీవీ సరిపోతుంది. కంపెనీ మూసేసినా, వివరణ చేతిలో ఉంటే విప్పే సాధనాన్ని మళ్లీ ఎవరైనా రాయగలరు.

స్టూడియోకు క్యాసెట్ ఇచ్చేటప్పుడే ఈ మాటలు చెప్పగలిగితే సగం తలనొప్పి ఉండదు. కుదించిన ఎంపీ4 ఒక్కటే కాకుండా వాళ్ల యంత్రం మొదట రాసుకున్న ఫైలు కూడా కావాలని, సగాలను కలపొద్దని, సైజు మార్చొద్దని అడగాలి. హెచ్‌డీలోకి, 4కేలోకి మారుస్తామంటే అక్కర్లేదనాలి. వీహెచ్ఎస్ టేపులో అడ్డంగా దొరికే వివరం సుమారు 240 గీతల పాటిది, దాన్ని నాలుగింతలు సాగదీస్తే లేని వివరం పుట్టదు. ఇక ఫైలు వచ్చింది కదా అని క్యాసెట్‌ను తీసి పారేయొద్దు. సైజు మార్చి వరుసలు కలిపేసిన ఫైలుకూ, ఫ్రేములు వదిలేసిన ఫైలుకూ ఉన్న ఒకే ఒక్క చికిత్స క్యాసెట్‌ను మళ్లీ ఎక్కించడం. అందుకు కావాల్సిన యంత్రాలు తరిగిపోతున్నాయి. వీసీఆర్‌లు ఇంకా తయారుచేస్తున్న చివరి కంపెనీగా పేరున్న జపాన్‌లోని ఫునాయ్ 2016 జులైలో ఉత్పత్తి ఆపేసింది. కాబట్టి స్టూడియో ఇచ్చిన ఫైలును తెచ్చిన వారంలోపే వీఎల్‌సీలో మొదటి నుంచి చివరి వరకు చూడాలి. గీతలు కదిలేచోటే ఉన్నాయా, మాట చివరి అప్పగింతల దగ్గరా పెదవితో కలుస్తోందా, మీడియాఇన్ఫోలో 576 వరుసలూ ఉన్నాయా అని సరిచూసుకోవాలి. లేకపోతే స్టూడియో వీసీఆర్ పనిచేస్తుండగానే క్యాసెట్‌ను మరోసారి పట్టుకెళ్లాలి.